మెక్సికన్ హోటల్లో చిక్కుడు కొత్త

మా నాన్నకి తిండి సహించకుండా పోయిన ఆ చలికాలంలో నేను తిట్టని మనిషి లేడు. విశాఖ పెద్దాసుపత్రి డాక్టర్ని తిట్టాను, ఆ మాత్రలు కనిపెట్టినవాణ్ణి తిట్టాను, బియ్యంలో నూక ఎక్కువుందని డిపో వాడితో గొడవ పెట్టుకున్నాను, ఏ పాపం తెలియని బొంగు చికెన్ బండివాణ్ణి మా వీధిలో పొగ పెట్టొద్దని తరిమేశాను. నాకు కోపం ముక్కు మీదే ఉంటుందని మా స్కూలు పిల్లలకి కూడా తెలుసు. ఇంత రభస చేసి ఇంటికొచ్చి చూస్తే, కంచంలో అన్నం పెట్టింది పెట్టినట్టే ఉండేది.

నాన్నకి క్షయ. డాక్టరు నాకు దాపరికం లేకుండా చెప్పాడు. "మందు సగమే పని చేస్తుందమ్మా, మిగతా సగం తిండి చెయ్యాలి. తినకపోతే మనిషి దక్కడు." నేను అరకులో ఆశ్రమ పాఠశాల టీచర్ని. మా ఆయనకి సీలేరు ప్రాజెక్టులో ఉద్యోగం, సెలవు దొరికినప్పుడు వస్తాడు. అమ్మ పోయి చాలా ఏళ్ళయింది. పెదబయలు పైన కొండ మీదున్న మా ఊళ్ళో తమ్ముడున్నాడు గానీ అక్కడ జ్వరమొచ్చినా డోలీ కట్టి మోసుకురావాలి. అందుకని నాన్నని తెచ్చి నా క్వార్టర్లో పెట్టుకున్నాను. అన్నం, చోడి అంబలి, కోడి పులుసు, గుడ్డు, పాలు, బ్రెడ్డు అన్నీ అయ్యాయి. అన్నిటికీ, మా వైపు కూతుర్ని పిలిచే పిలుపుతో, ఒకటే జవాబు. "వొద్దు గుంటా. నోరు సేదు."

నాన్న మా ఊరి పూజారి. పూజారి అనగానే గుడీ గంటా హారతి పళ్ళెం ఊహించుకోకండి. ఊరి పొలిమేరలో నిలబెట్టిన ఒక రాయి, అదే మా అమ్మవారు. సామలైనా మామిడికాయైనా చిక్కుళ్ళైనా, కొత్త పంట ముందు ఆవిడకి పెట్టాలి. తర్వాత పూజారి నోట పెట్టుకోవాలి. ఆ తర్వాతే ఊరు తినాలి. ఆ పండగని మేం 'కొత్త' అంటాం. మామిడి కొత్త, కొర్ర కొత్త, చిక్కుడు కొత్త, ఇలా పంటకొకటి. కొత్త అయ్యేదాకా ఆ పంటని కోసుకోవచ్చు, సంతలో అమ్ముకోవచ్చు, నోట మాత్రం పెట్టకూడదు. మామిడి చెట్టు కింద పడ్డ పండుని వాసన చూసి పక్కన పెట్టేసే పిల్లల్ని మా ఊళ్ళోనే చూశాను. వాళ్ళలో నేనూ ఉన్నాను. చదువుకుని టీచర్నయ్యాక నాకు ఆ పట్టింపు పోయింది. నాన్నకి పోలేదు. కొత్త కాకుండా కొత్త పంట ఆయన నోట్లోకి ఒక్క గింజ వెళ్ళి ఎరగదు.

ఇక హోటలు సంగతి. అరకులో మెక్సికన్ హోటల్ పెట్టారని విని అందరికంటే ఎక్కువ నవ్వినదాన్ని నేనే. ఓడల్లో వంటవాడిగా దేశాలు తిరిగొచ్చిన విశాఖ అబ్బాయి ఒకడు, స్టేషన్ నుంచి వచ్చే రోడ్డు మీద రేకుల షెడ్డు తీసుకుని, బల్లలు వేసి, పైన రంగుకాగితాల తోరణాలు కట్టి పెట్టాడు. గోడ మీద పెద్ద బ్రహ్మజెముడు చెట్టు, దాని కింద ఒక మనిషి, గొడుగంత టోపీ మొహం మీదికి లాక్కుని నిద్రపోతున్నట్టు బొమ్మ. ఆదివారాలు విశాఖ నుంచి రైల్లో దిగే జనం దాని ముందు నిలబడి ఫోటోలు దిగేవాళ్ళు. మేం స్థానికులం దాని ముందు నుంచి వెళ్ళి పక్క హోటల్లో పూరీ తినేవాళ్ళం.

మా లెక్కల సారుకి సాలూరు బదిలీ అయితే, పార్టీ అక్కడే ఇస్తానన్నాడు. నాన్నని ఇంట్లో ఒక్కణ్ణీ వదలలేక వెంట తీసుకెళ్ళాను. మెనూ చూసి మాలో ఒక్కరికీ ఒక్క ముక్క అర్థం కాలేదు. పైకి మాత్రం అందరం తల ఊపాం. లెక్కల సారు ధైర్యం చేసి అన్నీ ఒక్కొక్కటి తెమ్మన్నాడు. నాన్న దుప్పటి కప్పుకుని గోడమీది బొమ్మనే చూస్తూ కూర్చున్నాడు.

"ఈడికి గిడుగున్నాది గానీ పనేటీ నేదనుకుంటానే," అన్నాడు. గిడుగంటే వానకి మేం నెత్తిన పెట్టుకునే ఆకుల గొడుగు. ఆసుపత్రి నుంచి వచ్చాక ఆయన వేసిన మొదటి జోకు అది. 

అప్పుడు వంటింట్లోంచి కాలుతున్న మొక్కజొన్న రొట్టె వాసన వచ్చింది. నాన్న తల ఎత్తాడు. ఓనరు పళ్ళెం తెచ్చి పెట్టాడు. అరచేతి కంటే కొంచెం పెద్ద రొట్టెలు, మధ్యలో ఉడికించి మెదిపిన రాజ్మా, అంటే మేం చిక్కుళ్ళనే గింజలే, పైన ఉల్లిపాయ, కొత్తిమీర, కారం పచ్చడి. దాన్ని టాకో అంటారని, ఇలా మడిచి పక్కనుంచి కొరకాలని పాపం అతను చేసి చూపించాడు. నాన్న వినలేదు. రొట్టె పరిచి, తుంచి, చిక్కుళ్ళు అద్దుకుని నోట పెట్టుకున్నాడు. నమిలాడు. మింగాడు. మళ్ళీ తుంచాడు.

"మా యమ్మ సేసీది," అన్నాడు నాతో. "మొక్కజొన్నపిండి అడ్డాకుల నడమ ఎట్టి నిప్పుల్లో కాల్సీది. సిక్కుళ్ళు ఉడకేసి రోట్లో మెదిపీసి మిరపకాయ గిల్లీది. ఈ బాబుకెవులు సెప్పినారో?"

మా వాళ్ళంతా మాటలు ఆపి నాన్న చేతినే చూస్తున్నారు. ఒక రొట్టె అయ్యాక ఆయన ఓనరుని పిలిచి, "బాబూ, ఈ సిక్కుళ్ళు ఏనాటివి?" అన్నాడు. అతను కంగారుపడి, ఇప్పుడే వండాం అంకుల్, తాజాగా ఉన్నాయి అన్నాడు. అది కాదయ్యా, ఏ పంట అని అడుగుతున్నాడు, పోయినేడుదా ఈ ఏడుదా అని నేను చెప్పాను. సంచుల్లో వస్తాయని, పోయినేడాదివేనని అతను చెప్పాడు. నాన్న తల పంకించి రెండో రొట్టె తీసుకున్నాడు.

అలా మొదలైంది. ఇంట్లో అదే రొట్టె చేద్దామని చూశాను. ఓనర్ని అడిగి పిండి తెచ్చాను, పెనం కొన్నాను, యూట్యూబ్ చూశాను. నాన్న ఒక ముక్క నోట పెట్టుకుని, నా మొహం చూసి, కష్టపడి మింగి, ఇక చాలన్నాడు. ఇరవై ఏళ్ళుగా పిల్లలకి పాఠాలు చెప్తున్నాను, ఒక రొట్టె చెయ్యడం చేతకాలేదు. నాలుగు రోజులు అలిగి, ఐదో రోజు నుంచి స్కూలు కాగానే నాన్నని ఆటోలో ఎక్కించుకుని మెక్సికన్ హోటల్‌కి తీసుకెళ్ళడం మొదలుపెట్టాను.

టోపీవాడి బొమ్మ కింద బల్ల మాది అయిపోయింది. నాన్నకి అక్కడ ప్రతిదాని మీదా ఒక అభిప్రాయం ఉండేది. చీజ్ వేస్తే వేలితో జాగ్రత్తగా తీసి పళ్ళెం అంచుకి రాసేవాడు. పుల్లటి మీగడ చూసి, "ఇది ఇరిగిపోనాది, ఆ బాబుకి సెప్పు, నష్టపోతాడు," అనేవాడు. సల్సా మాత్రం నచ్చింది. మన పచ్చడే, నువ్వుల్లా నూరే వలిసెలు వేసుంటే ఇంకా బాగుండేదన్నాడు. బటర్ ఫ్రూట్ గుజ్జు రుచి చూసి, ఇది పచ్చిదీ కాదు పండుదీ కాదు, దీన్నెందుకు కష్టపడి పండించడం అన్నాడు. ఓనరు ఇవన్నీ విని పగలబడి నవ్వేవాడు. కొన్నాళ్ళకి మా బల్లకి వచ్చే పళ్ళెంలో చీజ్ రావడం మానేసింది, పచ్చడిలో వలిసెలు రావడం మొదలైంది.

ఒక ఆదివారం టూరిస్టు ఒకావిడ వచ్చి, తాతగారూ, ఆ బొమ్మ పక్కన అలాగే తల వంచుకుని కూర్చోండి, ఫోటో భలే వస్తుంది అంది. నా నోరు లేవబోయింది. నాన్న నన్ను చేత్తో ఆపి, ఆవిడతో, "నాను నిద్రోతే ఈ రొట్టి ఎవులు తింతారమ్మా?" అన్నాడు. ఆవిడ సిగ్గుపడి వెళ్ళిపోయింది. నాన్న చొక్కాలో భుజాలు మళ్ళీ కనిపించడం మొదలైంది ఆ రోజుల్లోనే. చూసిన ప్రతిసారీ నాకు ఎవరికైనా దణ్ణం పెట్టాలనిపించేది, ఎవరికి పెట్టాలో తెలిసేది కాదు.

ఓనరుకి నాన్నంటే ప్రాణమైపోయింది. వాళ్ళ నాన్న అతను ఓడలో ఉండగా పోయాడట, కడచూపు కూడా దక్కలేదట. ఒకరోజు మాటల్లో అంకుల్‌ది ఏ ఊరు మేడమ్ అనడిగాడు, చెప్పాను. అక్కడ రాజ్మా బాగా పండుతుందటగా అన్నాడు, అవునన్నాను. అంతకు మించి ఆ మాటకి నేనేమీ విలువ ఇవ్వలేదు.

కొన్నాళ్ళకి ఒక సాయంత్రం మేం వెళ్ళేసరికి అతను గుమ్మంలోనే నిలబడి ఉన్నాడు. మొహం వెలిగిపోతోంది. మమ్మల్ని కూర్చోబెట్టి, అడక్కుండానే పళ్ళెం తెచ్చాడు. నాన్న మొదటి ముద్ద తిని ఆగాడు. ఇంకో ముద్ద తిన్నాడు.

"ఈయేళ సిక్కుళ్ళు ఎన్నపూసనాగున్నాయి," అన్నాడు. "ఇంకో గిన్నె తెమ్మను గుంటా."

నాన్న ఇంకో గిన్నె అడిగాడు! నేను ఎగిరి గంతెయ్యలేదు గానీ అంత పనీ చేశాను. రెండో గిన్నె కూడా దాదాపు అయిపోయాక ఓనరు వచ్చి, వెనక దాచుకున్న చెయ్యి ముందుకి తెచ్చి గుప్పిట తెరిచాడు. ఎర్రగా నిగనిగలాడే చిక్కుడు గింజలు.

"గుర్తుపట్టండి అంకుల్! మీ పొలంవే. నిన్న మీ ఊరెళ్ళి మీ అబ్బాయి దగ్గరే కొన్నాను. అప్పుడే కోసిన కొత్త పంట. మీకు చెప్పకుండా పెట్టి సర్‌ప్రైజ్ చేద్దామని..."

నాన్న చెయ్యి నోటి దగ్గర ఆగిపోయింది. చేతిలో ముక్కని మెల్లగా పళ్ళెంలో పెట్టాడు. నోట్లో ఉన్నది ఉమ్మడానికి లేచాడు గానీ అప్పటికే మింగేశాడు. కుళాయి దగ్గరికి వెళ్ళి పుక్కిలించాడు, మళ్ళీ పుక్కిలించాడు, నోట్లో వేళ్ళు పెట్టి కక్కడానికి చూశాడు. ఏమీ రాలేదు. ఆ హోటలుకి రాకముందు ఏ తిండీ సహించని మనిషికి ఆవేళ కక్కు రాలేదు.

"నాను తినీసినాను," అన్నాడు. "అమ్మోరికెట్టకుండా నాను తినీసినాను."

ఓనరు గుప్పిట అలాగే తెరుచుకుని నిలబడిపోయాడు. అతన్ని తిట్టడానికి నోరు తెరిచాను. అతని కళ్ళు చూసి మూసుకున్నాను. ఎవరిని తిట్టాలి? నాన్న కడుపు నిండా తినాలని కోరుకున్నవాడినా? నాన్న కోసం అంటే మంచి గింజలు ఏరి ఇచ్చిన మా తమ్ముడినా? మా తమ్ముడికి ఆ హోటలాయన వాటిని నాన్నకే పెడతాడని తెలుసు గానీ, కొత్త అయ్యాక పెడతాడనుకున్నాడు. కొండ మీద పుట్టినవాడికి ఇంకోలా తోచదు. కొండ కింద పుట్టినవాడికి ఈ సంగతే తెలియదు.

ఆ రోజు నుంచి నాన్న తిండి మానేశాడు. ఇదివరకు మానడం వేరు, నోరు చేదు. ఇప్పుడు ఆకలి వేస్తోందని ఆయనే చెప్పేవాడు. "ఆకలున్నాది గుంటా, తప్పు తీరకుండా ఏటి తింతాను?" నీళ్ళు తాగేవాడు, డికాక్షన్ తాగేవాడు. ఖాళీ కడుపులో మాత్ర పడి మెలిపెడితే మోకాళ్ళు కడుపులోకి ముడుచుకుని పడుకునేవాడు. బతిమాలాను, అరిచాను, కంచం విసిరేశాను, మళ్ళీ నేనే మెతుకులు ఏరుకున్నాను. ఆసుపత్రికి తీసుకెళ్తే సెలైన్ ఎక్కించారు. అది తిండి కాదు కాబట్టి చెయ్యి చాపాడు. ఇలా ఎన్నాళ్ళో లాగలేమని డాక్టరు చెప్పాడు. ఆ డాక్టరుకి ఏమని చెప్పను? మా నాన్నకి మందు మీ దగ్గర లేదు, ఊరి పొలిమేరలో ఉందని చెప్పనా?

ఓనరు రోజూ ఇంటికి వచ్చి గుమ్మం దగ్గర కూర్చునేవాడు. నాకేం శిక్ష వేసినా సరే, అంకుల్ని తినమనండి అనేవాడు. నాన్నే అతన్ని ఓదార్చేవాడు. "నీ తప్పేటున్నాది బాబూ? నువ్వు ఎట్టినావు. తిన్నోడిని నాను కదా."

మంచీచెడ్డా రోజులు చూసే దిసారి మా ఊళ్ళో ఉన్నాడు. ఆయనకి ఫోన్ చేశాను. తప్పు తీరాలంటే చిక్కుడు కొత్త జరగాలి. కొత్తకి రోజు దగ్గర్లోనే ఉంది. కానీ తప్పు తిన్న పూజారి ఆ రాయి ముందు నిలబడకూడదు. ఆ ఇంటి మగాడే ఇంకొకడు నిలబడాలి. నేను నిలబడతానన్నాను. ఆయన ఫోన్లో దగ్గాడు. నాన్నని అడిగితే చాన్నాళ్ళకి నవ్వాడు. "నువ్వు కలెక్టరువైనా అక్కడ నిలబడకూడదే," అన్నాడు.

మా ఇంట్లో ఇక మిగిలిన మగాడు తమ్ముడు. వాడు పెళ్ళితో ప్రార్థనలోకి వెళ్ళాడు. మరదలివాళ్ళు మిషను చర్చి వాళ్ళు. నాన్న ఏనాడూ వాణ్ణి ఒక్క మాట అనలేదు, ఆడి దేవుడు ఆడికి అనేవాడు. తన తర్వాత ఆ రాయి ముందు ఎవరు నిలబడతారన్న మాట మాత్రం ఇంట్లో ఎవరం ఎత్తేవాళ్ళం కాదు.

తమ్ముడికి ఫోన్ చేశాను. మా వైపు అక్కని అప్ప అంటాం.

"అప్పా, ఆ రాయికి మొక్కనని బాప్తిస్మంలో మాటిచ్చినాను," అన్నాడు వాడు.

"నాన్న చచ్చిపోతున్నాడ్రా!"

"తెలుసప్పా."

"తెలిసి?"

వాడు ఏడుస్తున్నాడని తెలిసింది. నేను అరవడం ఆపి ఫోన్ పెట్టేశాను. అడకత్తెరలో పోకచెక్కంటే ఎవరో అనుకునేదాన్ని. ఆ రోజు మా ఇంట్లో అందరం అదే.

మర్నాడు వాడే ఫోన్ చేసి, నాన్నకియ్యి, మాటలు నేర్చుకుంటానన్నాడు. అమ్మవారికి చెప్పే మాటలు ఆడవాళ్ళు వినకూడదు. నాన్న నన్ను గదిలోంచి వెళ్ళమన్నాడు. పెరట్లో బట్టలుతికే రాయి మీద కూర్చున్నాను. లోపల నాన్న గొంతు, ఫోన్లోంచి తమ్ముడి గొంతు, ఒకదాని వెనక ఒకటి వినబడుతున్నాయి. మాటలు మాత్రం తెలియడం లేదు. వాళ్ళిద్దరూ అంతసేపు మాట్లాడుకోవడం వాడి పెళ్ళి తర్వాత అదే మొదటిసారి. చివర్లో నాన్న గొంతు పెంచి చెప్పిన మాట నాకూ వినబడింది. "కోడి ముందు గింజెయ్యి. కోడి తింటే అమ్మోరు ఒప్పుకున్నట్టు. అప్పుడే సిక్కుళ్ళు అక్కడెట్టి, మిగిలినయి నాకు తే."

లోపలికి వెళ్ళాక అడిగాను, "కోడి తినకపోతే?"

"అమ్మోరు వొల్లనన్నట్టు. అయినా తింటే, ఎవులు తింటే అమ్మోరి కోపం ఆడి మీదే పడతాది," అన్నాడు నాన్న. ఆ మాటతో గోడవైపు తిరిగి పడుకున్నాడు.

కొత్త రోజుకి మర్నాడు తమ్ముడు సర్వీసు జీపు దిగాడు. చేతిలో అడ్డాకుల పొట్లం. నాన్న అప్పటికే కొత్త పంచె కట్టుకుని కూర్చున్నాడు. ఇంట్లో వండుతానంటే ఒప్పుకోలేదు, ఎక్కడ తప్పు తిన్నానో అక్కడే తింటానన్నాడు. ఇద్దరం చెరో రెక్కా పట్టుకుని ఆటో ఎక్కించాం. హోటల్లో ఇంకా జనం లేరు. ఓనరు పొట్లాన్ని రెండు చేతులా అందుకుని లోపలికి పరిగెత్తాడు. చిక్కుళ్ళు ఉడికేదాకా నాన్న టోపీవాడి బొమ్మ కింద కళ్ళు మూసుకుని కూర్చున్నాడు.

చేతులు కడుక్కునే వంకతో తమ్ముడు నన్ను బయటికి తీసుకెళ్ళాడు.

"అప్పా, కోడి తినలేదు."

నేను కుళాయి కట్టేసి వాడి వైపు తిరిగాను.

"నిన్న పొద్దున్నుంచి ఎండ తిరిగీదాకా నిలబడ్డాను. నాన్న సెప్పిన మాటలన్నీ సెప్పినాను. ఒక్క గింజ ముట్టలేదు. మళ్ళీ పున్నమికి సూద్దామన్నాడు దిసారి. నాన్న అంతవరకూ ఉంటాడా? పెబువు ముందూ తలెత్తుకోలేను, ఈ అమ్మోరూ వొల్లనన్నాది. నానేటి సెయ్యాలప్పా?"

వాడి పంచె అంచున ఊరి ఎర్రమట్టి ఇంకా ఉంది. వంగి దాన్ని దులిపాను.  లోపలి నుంచి ఓనరు పిలిచాడు, రెడీ మేడమ్ అని.

వెళ్ళి కూర్చున్నాం. రొట్టెలు పొగలు కక్కుతున్నాయి. మధ్యలో పెద్ద గిన్నెతో చిక్కుళ్ళు. నాన్న కళ్ళు తెరిచి తమ్ముడి వైపు చూశాడు.

"ఏరా, కోడి గింజ..."

"తిన్నాది నాన్నా," అన్నాడు తమ్ముడు. ప్రశ్న పూర్తి కానివ్వలేదు.

నాన్న వాడి మొహంలోకి చూశాడు. తర్వాత తల ఊపి, రొట్టె తుంచి, చిక్కుళ్ళు అద్దుకుని నోట పెట్టుకున్నాడు. వంటింటి గుమ్మంలో ఓనరు మొహం కప్పుకుని ఏడ్చేశాడు. నాకూ కళ్ళలో నీళ్ళు తిరిగాయి, నాన్న తింటున్నాడని. అబద్ధమైతేనేం, తింటున్నాడు.

తమ్ముడు కూడా ఒక రొట్టె తీసుకుని గిన్నెలో చెయ్యి పెట్టబోయాడు. నాన్న చటుక్కున గిన్నె తన వైపు లాక్కున్నాడు.

"ఇయి నాయి. నువ్వు ముట్టకు."

నేను చెయ్యి చాపితే నా చెయ్యీ నెట్టేశాడు. "నీకూ నేదు. ఆ బాబుకీ పెట్టకండి."

చూశారా, అంకుల్‌కి ఎంత ఆకలేసిందో అని ఓనరు ఏడుపులోనే నవ్వాడు. తమ్ముడూ నవ్వాడు, గండం గడిచిందని. నాన్న మోచేతులు గిన్నెకి అటూ ఇటూ అడ్డం పెట్టుకుని, చిన్నపిల్లాడు దాచుకున్నట్టు దాచుకుని తింటున్నాడు. నేనూ నవ్వబోయి ఆగిపోయాను. ఎవరు తింటే వాడి మీదే పడుతుందని ఆయన చెప్పిన మాట గుర్తొచ్చింది.

మంచినీళ్ళు తెస్తానని తమ్ముడు లేచి లోపలికి వెళ్ళాడు. నాన్న తల ఎత్తకుండానే నాతో మెల్లగా అన్నాడు.

"ఆడికి సిన్నప్పట్నుంచీ అబద్దం సెప్పడం రాదు."

"నాన్నా, వద్దు. ఆపెయ్యి," అన్నాను. గిన్నె పట్టుకున్నాను. ఆపేస్తే ఏమవుతుందో కూడా నాకు తెలుసు. నా చేతులు గిన్నె మీదే ఉండిపోయాయి, లాగనూ లేదు, వదలనూ లేదు.

నాన్నే నా వేళ్ళు ఒక్కొక్కటిగా విప్పాడు.

"ఇంకో రొట్టి బేగి ఎయ్యి గుంటా. ఆడొచ్చీసరికి నాను తింతా ఉండాల."

నేను వేశాను.